పీనుగు తుమ్మకూడదు

ఫిల్మ్‌నగర్, హైదరాబాదు
6 ఫిబ్రవరి 2025

అక్కయ్యకి,

నేను కులాసా, నా ముక్కు తప్ప. నీ చెవులెలా ఉన్నాయి? ఫోన్ చేసి "బాగున్నావా" అంటే నువ్వు "ఇందాకే తిన్నాను" అంటున్నావు గనక మనిద్దరికీ ఇక తపాలాశాఖే గతి. వాట్సాప్ పెట్టమన్నావు. ఆ బుల్లి మీటల మీద నా బొటనవేలు పడితే ఒకేసారి మూడక్షరాలు చస్తున్నాయి.

చావంటే గుర్తొచ్చింది. కిందటి వారం జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో చచ్చిపోయాను. హీరోకి తాతని. నీకు తెలుసుగా, ఈ పదేళ్ళలో ముప్పై నాలుగు సినిమాల్లో పీనుగుగా పడుకున్నాను. ఇది అందరికీ వచ్చే విద్య కాదు. కొత్తవాళ్ళు ఊపిరి బిగబడతారు, షాట్ మధ్యలో బుస్సుమంటారు. ఊపిరిని బొడ్డు కిందకి దించి, చీమ నడిచినంత మెల్లగా తీసుకోవాలి. కళ్ళు మూసుకోవడం కాదు, కళ్ళ వెనక దీపం ఆర్పాలి. ఈ సంగతి ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ చెప్పరు.

అలా ఆర్పుకుని పడుకున్నాను. నా మీద బుట్టెడు బంతిపూలు, తల దగ్గర అగరొత్తుల కట్ట. పన్నెండో టేక్‌లో హీరోగారికి గ్లిజరిన్ లేకుండా నిజం కన్నీళ్ళొచ్చాయి. ఆయన జీవితంలో అదే మొదటిసారట. యూనిట్ అంతా నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడు తుమ్మాను. ఒకటి కాదు, ఐదు. దండలు ఎగిరి హీరోగారి ఒళ్ళో పడ్డాయి.

డైరెక్టర్ రిత్విక్ చిన్నవాడు, మంచివాడు. తల పట్టుకుని, "బాబాయ్, నువ్వు చచ్చిపోయావు బాబాయ్!" అన్నాడు.

"నాకు తెలుసు నాయనా, నా ముక్కుకి కబురందలేదు" అన్నాను.

ఈ ఏడాదిలో ఇది మూడోసారి. ఈ కబురు జూనియర్ ఆర్టిస్టులుండే కృష్ణానగర్ దాకా పాకిపోయింది. నడిచే వేషాలకి మోకాళ్ళు లేవు, మాట్లాడే వేషాలకి పళ్ళు లేవు. మిగిలింది పడుకునే వేషం. అదీ పోతే ఇంట్లో పడుకోవాలి, అప్పుడు ఎవరూ చూడరు. దుకాణంలో దొరికే మాత్రలు వేసుకుంటే నిద్ర, నిద్రపోతే గురక. తుమ్మే పీనుగు కన్నా గురకపెట్టే పీనుగు హీనం.

రిత్విక్ జాలిపడి, "ఏప్రిల్లో వికారాబాద్‌లో పెద్ద చావు సీను, పది రోజులు. అప్పటికి ముక్కు బాగుచేసుకుంటే నీదే, లేకపోతే వేరే పీనుగుని చూసుకుంటాను" అన్నాడు. అంచేత బంజారాహిల్స్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో కొత్త మందు పరీక్షకి పేరిచ్చాను.

డాక్టర్ పేరు మనోజ్ఞ. నీ శిష్యురాలిలా ఉంటుంది, అంటే కసురుతుంది. ఆవిడ చెప్పింది చెబుతాను. మన ముక్కులో కాపలా కణాలుంటాయట. దొంగ కనిపిస్తే గంట కొట్టాలి. నాలాంటివాళ్ళలో అవి బంతిపూల పుప్పొడిని చూసి బందిపోట్లు పడ్డారని గంట కొడతాయి. పాత మాత్రలు గంట మోగాక చెవులు మూస్తాయి. ఈ కొత్తది గంటతాడు మీద పడబోయే చేతినే పట్టుకుంటుంది. పెద్ద అణువులైతే సూదితో ఎక్కించాలి. ఇది బుల్లి అణువు గనక మాత్రగా మింగితే చాలు, సందుల్లోంచి కణంలోకి దూరిపోతుంది. పేరింకా పెట్టలేదు. ఒక అక్షరం, నాలుగంకెలు. లారీ నంబరులా ఉంది.

పంతొమ్మిది పేజీల ఒప్పందం చదివించి సంతకం తీసుకున్నారు. నా జన్మలో నేను సంతకం చేసిన ఏ అగ్రిమెంటులోనూ అన్ని నిజాలు లేవు. ఇంకేం మందులు వాడుతున్నావని రెండు పేజీలు అడిగారు. సగంమందికి మందు, సగంమందికి మందు లేని ఉత్త మాత్ర. ఎవరికేదో డాక్టరుకి కూడా తెలీదు. కథ నడిపించేవాళ్ళకే క్లైమాక్స్ తెలియని సినిమా ఇదొక్కటే.

జవాబు రాయి. పెద్దక్షరాలతో.

నీ తమ్ముడు
పరబ్రహ్మం


సామర్లకోట
14 ఫిబ్రవరి 2025

ఒరేయ్ బ్రహ్మం,

ఉత్తరం చేరింది. మూడుసార్లు చదివాను, రెండుసార్లు నీ దస్తూరీ కోసం.

నలభై ఏళ్ళు ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఆ ఎనిమిదో తరగతి దగ్గరే బడి మానేసిన తమ్ముడు నాకు అణువుల పాఠం చెబుతున్నాడు. బాగుంది. పాఠం తప్పుల్లేకుండానే ఉంది, అందుకే అది నీ సొంతం కాదని తెలుస్తోంది.

ఒక్క మాట. నీకిచ్చేది సున్నంబిళ్ళే. రాసిపెట్టుకో. ఎందుకంటావా, నీకు ఏదిచ్చినా పనిచేస్తుంది. చిన్నప్పుడు నువ్వు లెక్కల పరీక్ష రోజు కడుపునొప్పి అని దొర్లితే నాన్న బొగ్గు అరగదీసి తేనెలో కలిపి నాకించేవాడు. పరీక్ష టైము దాటిన ఐదు నిమిషాలకి నొప్పి మాయమయ్యేది. అలాంటివాణ్ణి మందుల పరీక్షకి తీసుకున్న ఆ అమ్మాయిని తలుచుకుంటే నాకు జాలేస్తోంది.

అయినా డెబ్బై నాలుగేళ్ళవాడివి, పీనుగు వేషం కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఏమిటి? పీనుగు కావడానికి అంత ఆత్రం దేనికి?

వెళితే వెళ్ళావు. వాళ్ళకి మాత్రం నిజం చెప్పు. నువ్వు మూడు చెబితే రెండు కోసేసుకోవడం మాకలవాటు. వాళ్ళకి లేదు.

అనసూయమ్మ


ఫిల్మ్‌నగర్
11 మార్చి 2025

అక్కయ్యకి,

సున్నంబిళ్ళట! చదువుకో.

మూడు వారాలుగా తుమ్ములేదు. ముందు నేనే నమ్మలేదు. నిన్న మెట్రో ఎక్కి ఎర్రగడ్డలో దిగి, పూలమ్మే చోటుకి వెళ్ళి, బంతిపూల రాశిలో చెవులదాకా ముఖం పెట్టాను. పూలమ్మి నా జబ్బ పట్టుకుని లేపింది.

"ఏంది తాతా, పూలు కొంటవా, పూలల్ల పంటవా?"

"పండటానికే కొంటానమ్మా. నేను పీనుగుని" అన్నాను.

"జర దూరం పో. పొద్దుపొద్దుగాల బోణీ కాలె నాకు!"

లేచాను. నిలబడ్డాను. ముక్కు ఊరుకుంది! పూలమ్మి మాత్రం చాలాసేపు ఊరుకోలేదు.

ఆసుపత్రివాళ్ళు రోజూ డైరీ రాయమన్నారు. మొదటివారం శ్రద్ధగా రాశాను, "పొద్దున రెండు. మొదటిది గంభీరం, రెండోదానిలో కొంత కరుణ" అని. మనోజ్ఞగారు చదివి, "అంకుల్, అంకె చాలు" అంది. మందు వేసుకున్నానా లేదా అని పొద్దున ఎనిమిదింటికి వీడియోకాల్ చేస్తారు. వాళ్ళ కళ్ళముందు మింగి నాలుక చాపాలి. ఇన్నేళ్ళ నటజీవితంలో నాకు రోజూ క్లోజప్ పెట్టింది వీళ్ళే.

ఒక్క బాధ. రెండునెలలకోసారి చర్మ పరీక్ష. మోచేతి కింద పెన్నుతో అంకెలేసి, ఒక్కో అంకె దగ్గర ఒక్కో చుక్క, పుప్పొడి, దుమ్ము, బొద్దింక, పిల్లివెంట్రుక, ఇంకా ఏవేవో, ఆ చుక్కలోంచి సూదితో గుచ్చుతారు. ఎక్కడ దద్దురు లేస్తే అది పడదన్నమాట. ఇరవై పోట్లు. నాకు సూదంటే ఎంత భయమో నీకు తెలుసు. నేను విలన్ వేషాలేసిన పదకొండు సినిమాల్లోనూ గుర్రం మీంచి పడింది, అద్దాలు పగలగొట్టుకుని దూకింది నేననుకుంటున్నావేమో. నా డూపు సుబ్బరామయ్య. నా ఎత్తు, నా బట్టతల, వెనకనించి చూస్తే మన అమ్మ కూడా వాణ్ణే పిలిచి అన్నం పెట్టేది.

వాడి సంగతి ఒకటి చెప్పాలి. ఒకసారి నన్ను బావిలో తోసే సీను. ఇసకబస్తాకి నా చొక్కా తొడిగి పడేద్దాం అన్నారు. "బస్తా పడితే బస్తాలాగే కనబడుతుంది" అని వాడే దూకాడు. కాలు విరిగింది. కట్టుతోనే వాళ్ళ అత్తగారిని ఆ సినిమాకి తీసుకెళితే, ఆవిడ "అయ్యో, దూకిందెవరు?" అందట. "పరబ్రహ్మంగారే" అన్నాడు. డూపు పేరు బయటికి రాకూడదని వాడి వ్రతం. ఇప్పుడు మోతీనగర్‌లో ఉంటాడు. ఆదివారాలొస్తాడు, ఇద్దరం ఇరానీ చాయ్ తాగి బతికున్నవాళ్ళని తిట్టుకుంటాం.

ఏప్రిల్ వేషం ఖాయమైంది. బొగ్గూ తేనే కాదు, బుల్లి అణువు!

పరబ్రహ్మం


సామర్లకోట
19 మార్చి 2025

బ్రహ్మం,

తుమ్ములు తగ్గడానికి చలి పోవడం కూడా కారణం కావచ్చు. ఒక్కడి ముక్కుతో సిద్ధాంతం తేలదు, అందుకే నీలాంటివాళ్ళని వందలమందిని పోగేస్తారు. ఆ వందలో ఒక్కడు అబద్ధమాడినా లెక్క వంకర పోతుంది. అందుకని మళ్ళీ చెబుతున్నాను, బుద్ధిగా ఉండు.

ఆ బావి కథ నమ్మను. విరిగిన కాలు పెట్టుకుని ఎవడైనా దూకింది నేను కాదంటాడా? నీ కథల్లో మనుషులు మరీ మంచివాళ్ళయిపోతారు, అదొక లోపం. అయినా చదివించింది. రాస్తూ ఉండు.

అనసూయమ్మ


వికారాబాద్ షూటింగ్ నించి
18 ఏప్రిల్ 2025

అక్కయ్యకి,

ఇది ప్రొడక్షన్‌వాళ్ళ కాగితం. వెనకవైపు ఇడ్లీల లెక్కుంది, పట్టించుకోకు.

బ్రహ్మాండంగా చచ్చాను. నాలుగు రోజులుగా చచ్చే ఉన్నాను. బంతిపూలు, చామంతులు, సాంబ్రాణి, వరిగడ్డి, పైన డప్పులవాళ్ళు లేపిన దుమ్ము. ముక్కు రాయిలా ఉంది. రిత్విక్ నా కాళ్ళకి దండం పెట్టాడు. నిజంగానే పెట్టాడు, షాట్‌లో కాదు.

ఒక చిన్న సర్దుబాటు చేయాల్సొచ్చింది. షూటింగ్ మొదటిరోజే, పదిహేనో తారీకున, ఆసుపత్రిలో చర్మ పరీక్ష పడింది. తేదీ మార్చమంటే ఒక్కరోజే మారుస్తామన్నారు. ఇక్కడేమో పీనుగు లేకపోతే ఏడ్చేవాళ్ళు అరవైమంది ఖాళీ. నువ్వయితే ఏం చేస్తావు? మా సినిమావాళ్ళయితే ఏం చేస్తారో అదే చేశాను. డూపుని పంపాను.

సుబ్బరామయ్య నా చొక్కా వేసుకుని, నా కళ్ళజోడు పెట్టుకుని, ఎడమ బుగ్గన నా పుట్టుమచ్చ దిద్దుకుని వెళ్ళాడు. ఆధార్ చూశారట. ఆధార్‌లో ఫొటో నాలాగా లేదు, వాడిలాగా లేదు, కాబట్టి ఇద్దరికీ సరిపోయింది. మనోజ్ఞగారు ఆరోజు సెలవు, కొత్త నర్సు. ఇరవై పోట్లూ కిమ్మనకుండా పొడిపించుకున్నాడు. బంతికి దద్దురు లేదు! బొద్దింకకి మాత్రం రూపాయి బిళ్ళంత లేచిందట. "మీకు బంతి పోయి బొద్దింక వచ్చింది సార్" అని నర్సు తెగ ఆశ్చర్యపోయిందని చీటీలో రాశాడు. పూలబండి డ్రైవర్ చేత ఆ చీటీ, కొత్త సీసాలో సగం మాత్రలు నాకు పంపాడు.

మిగతా సగం వాడిదగ్గరే, కాల్‌లో చూపించడానికి. ఎందుకంటే ఇక్కడ సెట్‌లో ఫోన్లు లాగేసుకుంటారు, సీన్లు బయటికి పోతాయని. నా ఫోన్ వాడికిచ్చాను. పొద్దున ఎనిమిదింటి వీడియోకాల్ వాడే ఎత్తుతున్నాడు, పుట్టుమచ్చతో సహా. వాళ్ళు చూసేది నాలుకనే. మాత్ర బదులు పిప్పరమెంటు బిళ్ళ మింగరా, అదే రంగు, అని చెప్పి వచ్చాను. ఇరవై అయిదుకి తిరిగొస్తాను. జవాబు ఇంటికే రాయి.

నీ తమ్ముడు
స్వర్గస్థుడు


సామర్లకోట
22 ఏప్రిల్ 2025

బ్రహ్మం,

ఇడ్లీల లెక్క తప్పింది. నూట పన్నెండు కాదు, నూట ఇరవై రెండు.

నీ కొత్త కథ బాగుంది. మందుల పరీక్షకి డూపుని పంపడం! పకపకా నవ్వాను. కింద మెడికల్ షాపతను పైకొచ్చి ఏమైందమ్మా అని అడిగాడు. పత్రికకి పంపించే ఉద్దేశముంటే ముందు నాలుగు మాటలు చెబుతాను. ఇన్నేళ్ళు వ్యాసాలు దిద్దిన చెయ్యి, ఊరుకోలేదు.

ఆధార్ ఫొటో హాస్యం సహజంగా ఉంది. బొద్దింక ఇంకా బాగుంది. అసలు లోపం పిప్పరమెంటు దగ్గరుంది. కిందటి ఉత్తరంలో నువ్వే ఈ సుబ్బరామయ్యని ఎలా చూపించావు? బస్తాని దూకనివ్వకుండా తను దూకినవాడు. అలాంటివాడు పిప్పరమెంటు మింగి నాలుక చాపుతాడా? మాత్రే మింగుతాడు. పాత్ర స్వభావం అలా ఉంటే నువ్వు మార్చడానికి వీల్లేదు.

మింగాడనుకో. అప్పుడు కథ హాస్యంలోంచి జారిపోతుంది. మొదటి ఉత్తరంలో ఏ మందులు వాడుతున్నావని నిన్ను రెండు పేజీలు అడిగారని రాశావు. ఎందుకడుగుతారు? ఈ కొత్తదానితో పడనివి ఏమైనా ఉన్నాయేమోనని. నీ డూపుని ఎవరడిగారు? డెబ్బై ఏళ్ళవాడు, బీపీకో గుండెకో ఏదో ఒకటి మింగుతూ ఉండడూ? రచయిత అది చెప్పలేదు. పాఠకుడు అడుగుతాడు.

అది తేల్చి, మళ్ళీ రాసి పంపు.

అనసూయమ్మ


ఫిల్మ్‌నగర్
28 ఏప్రిల్ 2025

అక్కయ్యకి,

అది కథ కాదు.

ఇరవై అయిదు మధ్యాహ్నం ఇంటికొచ్చాను. తలుపు కింద నీ ఉత్తరం. చెప్పులు విప్పకుండానే చదివాను. మొదట నవ్వొచ్చింది, నా నిజాన్ని కూడా కోసేశావని. తరవాత నీ నాలుగో పేరా దగ్గర నవ్వాగింది. సుబ్బరామయ్య గుండెదడకి మాత్ర వేసుకుంటాడు. ప్రతి ఆదివారం నా ఎదురుగా, ఇరానీ చాయ్‌తో.

ఆటో ఎక్కి మోతీనగర్ వెళ్ళాను. ఇంటికి తాళం. పక్కింటావిడ చెప్పింది, రెండురోజుల కిందట పొద్దున పాలకోసం వెళ్ళి వీధిలో కూలబడ్డాడని, అక్కడికి దగ్గర్లోనే నర్సింగ్ హోమ్‌లో పెట్టారని. పరిగెత్తాను. పరిగెత్తడమంటే, నా మోకాళ్ళతో ఎంతైతే అంత.

బయట బల్లమీద వాడి భార్య అంజమ్మ. బోరబండ పిల్ల, అంటే అరవై దాటింది, కానీ గొంతింకా పిల్లదే. ఆ రోజు గొంతు లేదు.

"గుండె ముప్పయ్యారు సార్లే కొట్టుకుంటుందంట అన్నా. ఎందుకో డాక్టర్లకే సమజైతలేదు. ఏం తిన్నవు, ఏం మింగినవు అని మంచిగనే అడుగుతున్నరు. ఈయన నోరిప్పుతలేడు. నువ్వన్న అడుగు."

లోపలికెళ్ళాను. వాడి ఛాతీ నిండా తీగలు. ముఖం సున్నం కొట్టినట్టుంది. బుగ్గమీద పుట్టుమచ్చ ఇంకా ఉంది.

"ఒరేయ్, మింగావా?"

తల ఊపాడు. "ఎనిమిది."

"పిప్పరమెంటు అన్నాను కదరా!"

"దగ్గరగా చూపిస్తున్నారు గురువుగారూ కెమెరా. పిప్పరమెంటైతే దొరికిపోతాం" అన్నాడు. మళ్ళీ ఊపిరి తీసుకుని, "ఎవరికీ చెప్పలేదు. మీరూ చెప్పకండి. వేషం పోతుంది."

అక్కయ్యా, వీడు బావిలో దూకిన సంగతి నువ్వు నమ్మలేదు.

ఒక్క నిమిషం ఆగాను. నీ దగ్గర దాచను, ఒక నిమిషం పూర్తిగా ఆగాను. ఇంకా రెండురోజుల ప్యాచ్‌వర్క్, అంటే మిగిలిపోయిన షాట్లు, ఉంది జూన్లో. చెబితే మాత్రలు పోతాయి, మాత్రలు పోతే ముక్కు, ముక్కు పోతే వేషం, ఇక మిగిలేది ఇల్లు, కిటికీ, నేను. ఆ నిమిషంలో పక్కన మిషన్ కొట్టిన చప్పుళ్ళు లెక్కపెట్టాను. ముప్పై నాలుగు. బయటికొచ్చి డ్యూటీ డాక్టరుకి జేబులోని మాత్రల సీసా చేతిలో పెట్టి అంతా చెప్పాను. అంజమ్మ వింటూనే ఉంది. చెప్పు తీసినా నాకు తేలికయ్యేది.

మనోజ్ఞగారికి ఫోన్ చేస్తే అరగంటలో వచ్చింది. ఇలాంటప్పుడు మాత్రం ఎవరికేది ఇచ్చారో చూడొచ్చట. చూశారు. మందే. సున్నంబిళ్ళ కాదు. ఆ బుల్లి అణువూ, వాడి గుండె మాత్రా కలిస్తే గుండె నెమ్మదిస్తుందట. అందుకే ఆ రెండు పేజీలు. రెండు మాత్రలూ ఆపేసి, సెలైన్లో ఏదో ఎక్కించి, మెడ దగ్గరనించి ఒక తీగ పంపి గుండెని తట్టి నడిపించారు. నిన్న సాయంత్రానికి యాభై ఎనిమిది. ఇవాళ పొద్దున అరవై నాలుగు. ఇడ్లీ అడిగాడు.

మనోజ్ఞగారు కారిడార్లో నన్ను కూర్చోబెట్టింది. కసురుతుందనుకున్నాను. కసరలేదు, అది ఇంకా బాధగా ఉంది.

"అంకుల్, మీ రెండున్నర నెలల డైరీ చాలా బాగా రాశారు. ఇప్పుడది పనికిరాదు. ఆయన మింగిన ఎనిమిది రోజుల గురించి నేను రిపోర్ట్ రాయాలి. పరీక్ష ఆపేస్తారో లేదో పైవాళ్ళు తేలుస్తారు. ఈ మందు కోసం ఊపిరాడక ఎదురుచూసే పిల్లలున్నారు, తెలుసా?"

"తెలీదమ్మా. నేను నా ముక్కు ఒక్కటే చూసుకున్నాను" అన్నాను.

నా పేరు కొట్టేశారు.

పరబ్రహ్మం


సామర్లకోట
5 మే 2025

బ్రహ్మం,

సున్నంబిళ్ళ అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇంకోటి కూడా. ఆ మనిషి నిజంగా ఉన్నాడని నేననుకోలేదు. నువ్వు కల్పించావనుకుని, కల్పించిన మనిషి ప్రాణం గురించి కాలుమీద కాలేసుకుని వ్యాకరణం చెప్పాను. నీ ఉత్తరం చదివాక ఆ రోజు భోజనం చేయలేదు.

నీ మీద కోపం ఉంది. ఇరవై పోట్లకి భయపడి ఇంకొకడి చెయ్యి చాపించావు. నలభై ఏళ్ళుగా అంతే కదూ? సినిమాలో అయితే డూపు దూకేచోట ఇసకా, వలా ఏవో వేస్తారు. నువ్వు వీడికి ఏం వేశావు?

ఆ నిమిషం సంగతి రాయకుండా ఉండాల్సింది అనిపించింది. మళ్ళీ, రాశావు కాబట్టే మిగతాది నమ్మాను. ఈసారి ఏమీ కోయలేదు.

అతని భార్యకి నా నమస్కారం చెప్పు. నీ దగ్గర ఆవిడ చెప్పుదెబ్బ బాకీ ఉంటే వెళ్ళి తినేసి రా. ఆలస్యం చేయకు.

అనసూయమ్మ


ఫిల్మ్‌నగర్
14 జూన్ 2025

అక్కయ్యకి,

చెప్పుదెబ్బ తినలేదు. అంతకన్నా పెద్దది తిన్నాను. అంజమ్మ నెల్లాళ్ళపాటు ప్రతిరోజూ నాకు అన్నం పెట్టింది, ఒక్కమాట మాట్లాడకుండా. సుబ్బరామయ్యకి తోడుగా పగలంతా వాళ్ళింట్లోనే ఉంటున్నాను. వాడికి మందులేస్తాను. ఏ మాత్ర ఏమిటో పెద్దక్షరాలతో రాసి గోడకి అంటించాను. నీ దస్తూరీకి దగ్గర దగ్గరగా వచ్చింది.

మాత్రలు ఆగిన పదో రోజుకి నా ముక్కు ఇంటికొచ్చేసింది. పోయినదానికన్నా హుషారుగా ఉంది. ప్యాచ్‌వర్క్ దగ్గరపడింది. రిత్విక్‌కి ఫోన్ చేసి నిజం చెప్పాను, తుమ్ముతూ చెప్పాను, అంచేత ఎక్కువ వివరించాల్సిన పని లేకపోయింది. అతను ఆలోచించి, "అంతిమయాత్రే కదా బాబాయ్, పాడె మీద దూరంనించి షాట్లు. నీ డూపుని పడుకోబెట్టు" అన్నాడు.

ఆ మాట వాళ్ళింట్లో చెప్పడం నా తప్పు. సుబ్బరామయ్య మంచం మీంచి లేవబోయాడు. అంజమ్మకి నెల తరవాత గొంతొచ్చింది.

"పండుకో! మొన్ననే నిజం పాడె మీదికెళ్ళి దించుకొచ్చుకున్న. మళ్ళ ఎక్కుతవా?" అని, నావైపు తిరిగింది. "ఇగ నువ్వు. గన్ని పూలు మీదేస్తే తుమ్ము రాదా? పీనుగుకు ముక్కుల దూది పెడ్తరు కదా. మీ సినిమోళ్ళు ఎన్నడన్న పీనుగును చూసిన్రా అన్నా?"

అక్కయ్యా, ముప్పై అయిదు సినిమాలు. మేకప్‌వాళ్ళు, డైరెక్టర్లు, నేను. హీరో తాత అందంగా ఉండాలని దూది ఎవడూ పెట్టలేదు. శాస్త్రం బుల్లి అణువుని కణంలోకి దూర్చింది, మాకు ముక్కులోకి దూది దూర్చడం తట్టలేదు.

మొన్న పెట్టారు. నోటితో బొడ్డుదాకా ఊపిరి దించుకుని పడుకున్నాను. ఒక్క తుమ్ము రాలేదు. కళ్ళు మాత్రం కారాయి, కానీ దూరంనించి కనబడదన్నారు. రిత్విక్ "చాలా సహజంగా ఉంది బాబాయ్" అన్నాడు. ఇక ఈ వేషాలు ఇస్తాడో లేదో తెలీదు. అడగలేదు.

ఆ పరీక్ష ఆగలేదట. గుండె మాత్రలవాళ్ళని ఇంకా గట్టిగా వడగడుతున్నారట. సుబ్బరామయ్య సంగతి వాళ్ళ రిపోర్ట్‌లో పేరు లేకుండా ఎక్కింది.

వాడికి ఆర్నెల్లపాటు వాళ్ళే పరీక్షలు చేస్తారు. ఈరోజు మొదటిసారి తీసుకెళ్ళాను. కౌంటర్ దగ్గర ఆ పదిహేనో తారీకు నర్సే ఉంది. మా ఇద్దరినీ పక్కపక్కన చూసింది. ముందు వాణ్ణి, తరవాత నన్ను, మళ్ళీ వాణ్ణి. పెన్ను పక్కన పెట్టేసింది.

"సార్, ఈసారి ముందే చెప్పండి. మీలో అసలు మనిషెవరు?"

నేను నోరు తెరిచేలోగా సుబ్బరామయ్య ముందుకు జరిగి, చొక్కా చెయ్యి పైకి మడిచి బల్లమీద పెట్టాడు.

"నేనేనమ్మా" అన్నాడు.

నీ తమ్ముడు
పరబ్రహ్మం